కలుజు దగ్గర కుదరని లెక్క

నా ఉద్యోగ జీవితంలో నన్ను ఒక్కసారి కూడా చిన్నచూపు చూడనిది, కంప్యూటర్ తెర మీద ఎర్ర అక్షరాల్లో వచ్చే తప్పు సందేశం ఒక్కటే. మనుషుల సంగతి వేరు. పైనుంచి ఎవరైనా వస్తే "ఈమె మా లెక్కలావిడ" అని, పేరు కూడా చెప్పకుండా దాటేసినవాళ్లున్నారు. నా కుర్చీ తీసుకుపోయి అతిథికి వేసి మళ్ళీ తెచ్చిపెట్టనివాళ్లున్నారు. పదవీ విరమణ సభలో శాలువా కప్పి, ఫొటో అయ్యాక "మేడం, ఇది సాయంత్రం ఇంకో సభకి కావాలి" అని మడతపెట్టి పట్టుకుపోయినవాళ్లూ ఉన్నారు.

వాళ్ల మీద రాయాలంటే ఇంతకు పదింతలు రాయగలను. కానీ ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. మీకు ఉపయోగపడేది వేరే ఉంది. మీ లెక్క విరిగిన చోట ఏముంటుందో చెబుతాను. నేను చూసినంతలో, అక్కడ ఉన్నంత అద్భుతం లెక్క కుదిరిన చోట ఎప్పుడూ లేదు.

మా పని

ఆత్మకూరు బస్టాండుకు దగ్గరలో, ఎరువుల కొట్టు పైన మేడ మీద మా ఆఫీసు. నా బల్ల మెట్ల పక్కన. కింద బస్తాలు దించినప్పుడల్లా యూరియా వాసన ముందు నాకే వచ్చేది. కిటికీ పక్కన ఖాళీ బల్ల ఉండేది. అది ఎవరైనా వస్తే కూర్చోవడానికని నాకివ్వలేదు. ఎవరూ రాలేదు.

పడమటి మండలాల్లో చెరువులకు వరద లెక్క కట్టడం మా ప్రాజెక్టు పని. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోవడానికి కట్టకు ఒక పక్కన రాతిగోడ ఉంటుంది. దాన్ని మా వైపు కలుజు అంటాం. కలుజు పారితే ఆ నీళ్లు కింద వాగులో పడతాయి. వాగు ఒడ్డున ఎంతదూరం దాకా నీళ్లు ఎక్కవచ్చో మేం ఒక గీత గీసి ఇవ్వాలి. ఆ గీతకు పైన ఇళ్ల స్థలాలు ఇవ్వొచ్చు. గీతకు కింద ఇవ్వకూడదు. మేం ఇచ్చేది ఒక్క గీతే. దాని మీద కొందరి కొంప ఆధారపడి ఉంటుంది.

ఆ గీత ఒక్క వానను చూసి గీసేది కాదు. కలుజు దగ్గర నీళ్లు ఏ మట్టంలోనైనా నిలవొచ్చు. ఒక్కో మట్టానికి, అంత నీరు నిలిచే అవకాశం ఎంత, అప్పుడు వాగులోకి ఎంత దూకుతుంది అనేవి రెండూ గుణించాలి. అలా అన్ని మట్టాల మీదా కూడాలి. మట్టాలకు అంతు లేదు కనుక ఇది మామూలు కూడిక కాదు, సమాకలనం. కాగితం మీద గీస్తే ఒక వంపు గీత కింద ఉన్న వైశాల్యం. మేం వాడింది గణాంక నమూనాలు రాయడం కోసమే పుట్టిన ఒక కంప్యూటర్ భాష. నమూనా ఒక ఊహ చేస్తుంది, ఆ ఊహకు వైశాల్యం అడుగుతుంది. ఊహ కాస్త మారుస్తుంది, మళ్ళీ అడుగుతుంది. ఇలా వేలసార్లు.

ఆ వైశాల్యాన్ని భాష ఎలా కనుక్కుంటుందో అర్థమైన రోజు నాకు ఒళ్లు జలదరించింది. అది గీత పొడుగునా నడవదు. కొన్ని చోట్ల మాత్రం ఆగి ఎత్తు చూస్తుంది. ఆ చోట్లు మధ్యలో పలచగా ఉంటాయి, కొసలకు పోయేకొద్దీ చీమలబారులా ఒత్తుగా ఉంటాయి. చూసిన ఎత్తులకు తగిన బరువులు కట్టి కూడుతుంది. తర్వాత ఆ చోట్ల మధ్య ఇంకొన్ని చోట్లు తీసుకుని మళ్ళీ కూడుతుంది. రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటుంది. కలిస్తే మనకిస్తుంది. కలవకపోతే ఇంకా దగ్గరగా చూస్తుంది. ఎంత చూసినా కలవకపోతే, ఏదో ఒక అంకె మన చేతిలో పెట్టి పంపించెయ్యదు. నా జవాబుల మధ్య తేడా మీరు ఒప్పుకున్న హద్దు దాటింది, ఇది నేనివ్వను అంటుంది.

ఆలోచించండి. అనంతం దాకా సాగే గీత మీద గుప్పెడు చోట్ల ఆగి చూసి, దాని వైశాల్యాన్ని పదో దశాంశం దాకా సరిగ్గా చెప్పగలదు. అంత చెప్పగలిగింది కూడా, ముందు తన జవాబును తనే నమ్మకుండా మరోసారి చూసుకుంటుంది. ఈ గుణం నేను ఏ పై అధికారిలోనూ చూడలేదు.

మర్రిపాడు చెరువులు

నాకు మొదట పాఠం చెప్పినవి మర్రిపాడు వైపు చెరువులు. అక్కడ చెరువు నిండితే అంచుదాకా నిండుతుంది, లేకపోతే అడుగు దాకా ఎండుతుంది. మధ్యస్తంగా ఉండడం తక్కువ. చెరువు ఎన్నో వంతు నిండిందో సున్నా నుంచి ఒకటి దాకా కొలిస్తే, గీత అంతా ఆ రెండు కొసల దగ్గరే ఆకాశానికి లేస్తుంది. లెక్క ఒకటి దగ్గర విరిగేది.

చాలా రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. కారణం చిన్నది. ఒకటిలోంచి, ఒకటికి వెంట్రుకవాసి దూరంలో ఉన్న సంఖ్యను నేను తీసేస్తున్నాను. కంప్యూటర్ దాచుకునే అంకెలకు ఒక లెక్కుంది. అంత దగ్గరి సంఖ్యలను తీసివేస్తే పనికొచ్చే అంకెలన్నీ కొట్టుకుపోయి తాలు మిగులుతుంది. ఆ తాలును నేను గుణిస్తున్నాను.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇది కాదు. ఆ భాష రాసినవాళ్లు ఈ ఇబ్బందిని ముందే ఊహించి, మన ప్రమేయానికి, అంటే గీత ఎత్తు చెప్పే సూత్రానికి, రెండో సంగతి కూడా అందిస్తున్నారు: మీరిప్పుడు కొసకు ఎంత దూరంలో ఉన్నారన్నది. దాన్ని వాడుకుంటే తీసివేత అక్కర్లేదు. నేను దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు, ఎందుకిచ్చారో అనుకుని పక్కన పెట్టాను. ఎక్కడో కూర్చుని ఈ భాష రాసినవాళ్లకు మర్రిపాడు తెలియదు, ఎండిన చెరువు తెలియదు. అయినా కొస అంచున నిలబడే లెక్క ఒకటి ఎవరికో వస్తుందని, వాళ్లకోసం ఒక చెయ్యి చాచి పెట్టి ఉంచారు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం క్యారేజీ విప్పకుండానే తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

హద్దు సడలించమన్న రోజు

ఉద్యోగం చివరి రోజుల్లో ఒక చెరువు దగ్గర మా పని ఆగిపోయింది. ఉదయగిరికీ సీతారామపురానికీ మధ్య ఊరది. పేరు రాయను. మిగతా చెరువులన్నీ అయ్యాయి. ఇది ఎన్నిసార్లు నడిపినా ఎర్ర అక్షరాలే.

అలాంటి ఒక రోజు మెట్లెక్కి ఒకామె వచ్చింది. అంగన్‌వాడీలో ఆయా. పేరు సువార్తమ్మ. భర్త పోయాక అన్న ఇంటి పక్కన రేకుల వసారాలో ఉంటోంది.

"మేడమంటే మీరేనా? మా ఊరి కాయితం మీ కంప్యూటర్లో ఇరుక్కుపోయినాదంట."

"ఇరుక్కోలేదమ్మా. లెక్క కుదరడం లేదు."

"కుదరకపోయేదానికేముండాది? వాగు పక్కన రాళ్లు పాతినారు. నా పేరు పిలిచి ఇదిగో ఇది నీదని చూపించినారు. ఇంగ మీ ఆలస్యమేంది?"

"కొన్నాళ్లు ఆగలేవా?"

"ఆగతానే ఉండాను గదా మేడం. మా వదిన వంటయి పొయ్యి దిగినాక నాకు పొయ్యి. కూటికి కాదు, నా పొయ్యి నేను ముట్టించుకునేదానికి ఇల్లు కావాల నాకు." అంతే చెప్పి, నేనిచ్చిన నీళ్లు తాగకుండా వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే మా ప్రాజెక్టు హెడ్డు నన్ను పిలిచాడు.

"ఒక్క చెరువు కోసం రిపోర్టు ఆపేశారేంటి మేడం?"

"రెండు జవాబులు కలవడం లేదు సార్."

"హద్దు సడలించండి. నాలుగో దశాంశం ఎవరు చూస్తారు?"

"నాలుగో దశాంశం కాదు సార్, మొదటి అంకెలోనే తేడా. ఒక జవాబు ప్రకారం వాగులో చీలమండ దాకా నీళ్లు. ఇంకో జవాబు ప్రకారం మనిషి మునుగుతాడు."

"అయితే తక్కువదే తీసుకోండి. రాళ్లు పాతేశారు, జనం ఎదురుచూస్తున్నారు."

"వీల్లేదు సార్."

"మీకు లెక్కలొచ్చుగానీ మేడం, లోకం తెలియదు" అన్నాడు, నలుగురి ముందు. ఆ నలుగురిలో నవ్విన ఇద్దరెవరో చెప్పగలను.

పిల్లలూ, ఈ మాట మీకు కూడా చెబుతారు. హద్దు సడలిస్తే తేడా పోదు. తేడా ఉందని చెప్పే నోరు మూతపడుతుంది. ముందు హద్దు ముట్టుకోకండి. నమూనా ఏ ఊహ దగ్గర విరిగిందో ఆ ఊహను పట్టుకుని, దాని గీత ఒక్కటే గీసి చూడండి. నేను కొసలు చూశాను, బాగున్నాయి. మర్రిపాడు జబ్బు కాదు. అప్పుడు గీత గీశాను.

నీటిమట్టం కలుజు అంచు దాకా వస్తే వాగులోకి చుక్క లేదు. సరే. అంచు దాటాక నీళ్లు దూకాలి. దూకడం లేదు. మోకాలెత్తు పైకి పోయినా దూకడం లేదు. ఆ తర్వాత ఉన్నట్టుండి గీత గోడలా లేచి, సూదిలా నిలబడి, వెంటనే దిగి మామూలు వంపులో కలుస్తోంది. ఆ సూది ఎంత సన్నమంటే, పలచగా చూసినప్పుడు ఆగే చోట్లు దానికి అటొకటి ఇటొకటి పడుతున్నాయి. సూది కనిపించదు, వరద తక్కువ. దగ్గరగా చూసినప్పుడు ఒక చోటు దాని మీద పడుతోంది, వరద ఎక్కువ. అందుకే రెండు జవాబులు కలవడం లేదు.

గోడ ఉన్న చోట గీతను రెండు ముక్కలు చేసి, విడివిడిగా వైశాల్యం అడిగాను. రెండూ ఒక్క దెబ్బకు కుదిరాయి. ఎర్ర అక్షరాలు మాయం. వచ్చిన జవాబు ఎక్కువదే, మనిషి మునిగేదే.

చాలామంది ఇక్కడ లేచి టీకి పోతారు. నాకు కాలు కదల్లేదు. కలుజు అంచు మీద గాలి తప్ప ఏమీ లేదు. ఆ గాలిలో మోకాలెత్తు గోడ ఎక్కడిది? నమూనాకు నేను గోడ గురించి చెప్పలేదు. చెరువులో పాతిన సెన్సారు పంపిన నీటిమట్టాలను చూసి తనే నేర్చుకుంది. హెడ్డునడిగితే "సెన్సారు చెడిపోయుంటుంది" అన్నాడు. సెన్సారు చెడితే అడ్డదిడ్డంగా చెడుతుంది. ప్రతిసారీ ఒకే ఎత్తులో చెడదు.

బస్సులోంచి కొండ

సెలవు పెట్టి బయల్దేరాను. పని మీద పోవడానికి సెలవు పెట్టుకున్న మనిషిని మా ఆఫీసులో నేనొక్కదాన్నే. ఆత్మకూరు నుంచి ఉదయగిరి బస్సు. ఊరు దగ్గరపడే కొద్దీ దుర్గం కొండ కనిపిస్తుంది. కింద మెల్లగా ఎక్కే వాలు, పైకి పోయాక నిట్టనిలువునా చరియ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న కొండే. ఆ రోజు దాని వాలు మీద దూరదూరంగా అడుగులేస్తూ ఎత్తు కొలిచే మనిషిని ఊహించుకున్నాను. వాలంతా బాగానే కొలుస్తాడు. చరియ దగ్గర ఒక అడుగు కిందపడితే కొండ ఒక ఎత్తు, పైనపడితే ఇంకో ఎత్తు. అడుగు తప్పు కాదు, కొలత తప్పు కాదు. అక్కడ నేలే నిలబడి ఉంది. కొండ కనుమరుగయ్యేదాకా తల తిప్పి చూస్తూనే ఉన్నాను. కండక్టరు రెండుసార్లు పిలిచి, చెవుడనుకున్నాడు.

ఉదయగిరిలో సీతారామపురం బస్సు కోసం చాలాసేపు నిలబడి, దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చెరువు నిండుకు దగ్గరగా ఉంది. ఆ మెట్ట నేలలో చెరువు నిండడమే అరుదు. కలుజు మీద కొందరు మనుషులు వంగి పని చేస్తున్నారు. ఆయకట్టు పెద్ద పెంచలరెడ్డి, ఆ ఊరికి ఒకప్పటి సర్పంచి, తలకు తువ్వాలు చుట్టుకుని పురమాయిస్తున్నాడు.

"ఎవురమ్మా నువ్వు? ఉపాధి పనోళ్లను లెక్కపెట్టనొచ్చినావా?"

"కాదు. ఆత్మకూరు నుంచి. ఈ చెరువు నీళ్ల లెక్క చేసేది నేనే."

"దానికి లెక్కేముండాది? నిండితే రెండో కారు పంట, నిండకపోతే బెంగుళూరులో కూలి."

అందరూ నవ్వారు. నేను కలుజు మీదికి ఎక్కి చూశాను. ఎరువుల సంచుల్లో ఇసక నింపి, ఒకదాని మీదొకటి పేర్చి, సందుల్లో బంకమట్టి మెత్తుతున్నారు. అంచు పొడుగునా గోడ. ఎత్తు నా మోకాలి దాకా.

ఎక్కడో ఎరువుల కొట్టు మీద కూర్చున్న కంప్యూటర్ ఈ బస్తాలను చూడలేదు. కలుజు అంటే ఏమిటో దానికి తెలియదు. నీటిమట్టాలు తప్ప దాని దగ్గర ఏమీ లేదు. వాటిలోంచే ఈ గోడను, దాని ఎత్తుతో సహా కనిపెట్టింది. కనిపెట్టి, దాన్ని చెప్పడానికి దానికున్న ఒకే ఒక్క మాటతో చెప్పింది: లెక్క కుదరడం లేదని.

"ఏంది, కలుజు ఎప్పుడూ చూళ్ళేదా?" అన్నాడు పెంచలరెడ్డి. "నిండొచ్చేటప్పుడు బస్తాలేస్తాం. మోకాలెత్తు నీళ్లు ఎక్కువ నిలుస్తాయి. మా నాయన కాలంలో తాటిమొద్దులు, ఈతకంప. ఇప్పుడు బస్తాలు. అంతే తేడా."

"పెద్ద నీళ్లొస్తే ఎవరు తీస్తారు?"

"తీసేదేందమ్మా? నీళ్లే తీసుకుంటాయి."

"ఒక్కొక్కటిగా పోతాయా, అన్నీ ఒకేసారా?"

"ఒకటి కదిలిందంటే ఇంగన్నీ దాని ఎనకాలే. పెళ్లిలో బోజనాలకి లేసినట్టు లేస్తాయి."

దాపరికం లేదు, భయం లేదు. తరాలుగా చేస్తున్న పని. అధికారులకు చెప్పలేదా అంటే, "అడిగితే గదా" అన్నాడు.

సువార్తమ్మ స్థలం

కట్ట దిగి వాగు వెంట నడిచాను. పాతిన రాళ్లు వరసగా కనిపించాయి. సువార్తమ్మ అక్కడే ఉంది. తన రాళ్ల మధ్య కంప కొట్టి చదును చేసుకుంటోంది. నన్ను చూసి కొడవలి కింద పెట్టింది.

"కుదిరిందా లెక్క?"

"కుదిరింది. ఇది నీళ్ల దారిలో ఉండాది సువార్తమ్మా. బస్తాలు తెగితే మనిషెత్తు వస్తాది."

"వస్తే రానీ. ఎప్పుడో వస్తాది, ఒక పూట ఉండి పోతాది. మా వదిన ఏడాది పొడుగునా ఉంటాది."

"ఆ ఒక్క పూటలోనే ఇల్లు కొట్టుకుపోతాది."

"నా పేరు పిలిచినాక ఇప్పుడొచ్చి చెప్తావుండారా? మీకు ఇల్లుండాది గదా మేడం. ఉన్నోళ్లు లేనోళ్లకు నీళ్లొస్తాయని చెప్పేది సులువు." కొడవలి తీసుకుని మళ్ళీ కంప మీద పడింది. ఆ మాట నాకు సూటిగానే తగిలింది. నేను అబద్ధం చెబితే ఆమెకు ఇల్లొస్తుంది, నీళ్ల దారిలో. నిజం చెబితే ఇల్లు పోతుంది, ఇంకోటి వస్తుందన్న పూచీ లేదు.

ఆఫీసుకొచ్చి రిపోర్టులో రెండు గీతలు గీశాను. బస్తాలు వేస్తే ఒక గీత, వెయ్యకపోతే ఒక గీత. వెయ్యకపోతే సువార్తమ్మ స్థలం నిక్షేపంగా బయటే ఉంది. వేస్తే వరసంతా నీళ్లలో ఉంది. మొదటి గీత దాటి పైన కళ్లం దిబ్బ ఉంది. సర్కారు నేల. ఆయకట్టు రైతులు వాములు వేసుకుని, పంట ఆరబోసుకుంటారు. బస్తాలు మానకపోతే స్థలాలు దిబ్బ మీద ఇవ్వాలని రాశాను.

హెడ్డు చదివి పక్కన పడేశాడు. "గీత గియ్యమంటే ఊరి తగాదా గీసుకొచ్చారు. మనకు సంబంధం లేని ఇసక బస్తాలు మన నమూనాలో ఎందుకు?" అన్నాడు. తక్కువ అంకెతో రిపోర్టు వేరేవాళ్లతో రాయిస్తానన్నాడు. సంతకం పెట్టనన్నాను. పెట్టకపోయినా పోతుందన్నాడు.

ఎండలో వరద

రిపోర్టు ఇంకా పోకముందే వెలిగొండల మీద వాన పడిందని తెలిసి, పొద్దున్నే మొదటి బస్సు ఎక్కాను. నేను దిగేసరికి వాన వెలిసింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది, ఎండ కాస్తోంది. పెద్ద వాన కూడా కాదది. నిండు చెరువు మీద పడిన మామూలు వాన. కట్ట మీద ఊరు ఊరంతా ఉంది. సువార్తమ్మ కాస్త దూరంగా, నా వైపు చూడకుండా నిలబడింది.

నీళ్లు బస్తాల పైఅంచుకు వచ్చాయి. సన్నగా ఒక పొర బస్తాల మీదుగా జారింది. నడుమ ఉన్న ఒక బస్తా పసిబిడ్డ కాలు కదిపినట్టు కదిలింది. అంతే. అన్నీ లేచాయి.

ఆ చప్పుడు ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. కట్ట కాళ్ల కింద వణికింది. మోకాలెత్తున చెరువంతా పరుచుకున్న నీళ్లు ఒక్కసారిగా దారి దొరికి దూకాయి. వాగులో నీళ్లు పారలేదు, నిలబడ్డాయి. నిలువెత్తు ఎర్రటి గోడ ఎండలో మెరుస్తూ మలుపు తిరిగింది. పాతిన రాళ్ల వరసను దాటింది. రాళ్లు ఒకదాని తర్వాత ఒకటి కనపడకుండా పోయాయి. గోడ చూస్తుండగానే తగ్గింది. అన్నం ఉడికేంతసేపట్లో వాగు మామూలుగా, బుద్ధిగా పారుతోంది.

గోడలా లేచి, సూదిలా నిలబడి, దిగి వంపులో కలిసింది. నేను తెర మీద గీసిన గీత నా కళ్ల ముందు నేల మీద పారింది. చాలామంది దేవుణ్ణి తలుచుకున్నారు. నేను మాత్రం ఆ కుదరని లెక్కనే తలుచుకుని చేతులు జోడించాను. వెయ్యి కళ్లతో చూసినా కనపడనంత సన్నటిది కూడా లోకంలో ఉంటుందని, దాన్ని దాటి పోకుండా ఆగి నిలబడే పద్ధతిని మనుషులే కనిపెట్టారని ఇప్పటికీ ఎవరు దొరికితే వాళ్లకు చెబుతుంటాను. నా గీత అంతటా సరిపోలేదు. మలుపు దగ్గర నీళ్లు నేననుకున్నదానికన్నా పైకి ఎక్కాయి. అదీ చెప్పాలి.

పెంచలరెడ్డి మొదట అన్న మాట: "బస్తాలు మళ్ళీ వెయ్యాల. చెరువు ఖాళీ అయిపోతాది."

సువార్తమ్మ నా దగ్గరకొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇంగ నాకెక్కడిస్తారు?" అంది.

కళ్లం దిబ్బ

ఆ ప్రశ్నను నేను మోసుకు తిరిగాను. ఆత్మకూరులో ఇళ్ల స్థలాలిచ్చే ఆఫీసు ముందు ఎన్నిసార్లు కూర్చున్నానో అక్కడి అటెండరునడిగితే చెబుతాడు. నన్ను చూడగానే ఫ్యాను కట్టేసేవాడు. నేను లేవలేదు. చివరికి అక్కడి అధికారి ఒకాయన నా రెండు గీతల కాగితం పట్టుకుని ఊళ్లోకొచ్చి, రచ్చబండ దగ్గర అందరినీ కూర్చోబెట్టాడు. బస్తాలు మానుకుంటే స్థలాలు ఉన్నచోటే. మానుకోకపోతే దిబ్బ వదలాలి. ఏదో ఒకటి.

"దిబ్బ ఇస్తే వాములెక్కడేసేది?" అని లేచారు కొందరు.

"నీళ్లు లేకపోతే వాములేడివిరా?" అన్నాడు పెంచలరెడ్డి. "బస్తాలు మానేదే లేదు. దిబ్బ తీసుకోండి."

ఇది నాకు నచ్చిన తీర్పు కాదు. ఆ వాగు కింద ఇంకా పొలాలున్నాయి, పశువులు దిగుతాయి. కలుజు మీది బస్తాలు తెగుతూనే ఉంటాయి. కానీ వాళ్లు ఏది వదులుకుంటారో, ఏది వదులుకోరో వాళ్లే చెప్పుకున్నారు. మా గీత చెయ్యగలిగింది అంతవరకే. రిపోర్టు రెండు గీతలతోనే బయటికొచ్చింది. కృతజ్ఞతల్లో హెడ్డు పేరు, సెన్సారు అమర్చినవాళ్ల పేర్లు, డ్రైవరు పేరు ఉన్నాయి. నాది లేదు.

పదవీ విరమణయ్యాక ఉదయగిరిలో ఎవరో చెబితే తెలిసింది, సువార్తమ్మ ఇల్లు పూర్తయిందని, ఆ ఆదివారం గృహప్రతిష్ఠ ప్రార్థన అని. నన్ను పిలవలేదు. అయినా పోయాను. దిబ్బ మీద కొత్త సున్నం వాసన. ప్రార్థన అయిపోయి భోజనాలు వడ్డిస్తున్నారు. నన్ను చూసి గుమ్మంలో ఆగిపోయింది.

"పిలవకుండానే వచ్చినారే?"

"పిలవలేదు కాబట్టే వచ్చినాను."

లోపలికి నడిచి, ఒక చాప దులిపి వేసింది. తనే విస్తరాకు పరిచి, పలావు తెచ్చి, ముక్కలు ఏరి వేసింది.

"తినండి మేడం. చూపించిన స్థలం తీసేసినందుకు మీ మీద కోపం అట్నే ఉండాది. పలావు వేరే సంగతి."

నేను రెండోసారి కూడా పెట్టించుకున్నాను.